క్రకటోవా ఫోల్డర్: ఒక్క పేలుడు, ఎన్ని రకాల ఫైళ్లో (ప్రాజెక్టు డైరీ)

అసలు ఏం చేస్తున్నానంటే

డిజిటల్ ఆర్కైవ్ అనగానే చాలామందికి స్కాన్ చేసిన పాత పుస్తకాలే గుర్తొస్తాయి, ఇంకొంచెం ముందుకెళ్తే పాత ఫోటోలు. నిజానికి అందులో ఉండే సరుకు అంతకంటే చాలా ఎక్కువ, దాన్ని మాటల్లో చెప్పేకంటే చేసి చూపిద్దామని ఈ ప్రాజెక్టు మొదలుపెట్టా. పద్ధతి ఏంటంటే, ఒకే ఒక్క సంఘటన తీసుకోవాలి, దాని గురించి ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరికే ఆర్కైవ్‌లలో ఎన్ని రకాల సామగ్రి ఉందో వెతకాలి, ఒక్కో రకం నుంచి ఒకటో రెండో దించుకుని, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూసుకునేలా ఒక చిన్న క్యాటలాగ్ కట్టాలి.

సంఘటన: 1883 ఆగస్టు 26, 27 తేదీల్లో జావా, సుమత్రాల మధ్య సుండా జలసంధిలో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలవడం. అధికారిక లెక్క ప్రకారం 36,417 మంది చనిపోయారు, ఎక్కువమందిని చంపింది సునామీయే. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, అప్పటికి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు వేసేశారు, చాలా దేశాల్లో వాతావరణ కేంద్రాలు పెట్టేశారు, ఫోటోగ్రఫీ వచ్చేసింది, పేపర్లు రోజూ అచ్చవుతున్నాయి, అంటే ఒకే ఘటన ఇన్ని రకాల కాగితాల మీద ఒకేసారి నమోదైపోయిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

పేపర్లు

మొదట న్యూస్‌పేపర్లతోనే మొదలెట్టా, ఎందుకంటే వీటిలో వెతకడం తేలిక. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల ట్రోవ్, న్యూజిలాండ్ వాళ్ల పేపర్స్ పాస్ట్, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా, నెదర్లాండ్స్ వాళ్ల డెల్ఫర్, ఈ నాలుగూ చాలు. అప్పట్లో జావా డచ్ వాళ్ల చేతిలో ఉండేది కాబట్టి బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, అచ్చైన జావా-బోడె లాంటి పేపర్లు డెల్ఫర్‌లో ఉన్నాయి.

వెతికేటప్పుడు ఒక విషయం బాగా పనికొచ్చింది, ఎవరైనా ఇలాంటి పని చేస్తే గుర్తుపెట్టుకోండి. అగ్నిపర్వతం పేరు కొట్టి వెతికితే సగమే వస్తాయి. ఆ పేరుని ఒక్కో పేపరూ ఒక్కోలా రాసింది, పైగా కాలమ్ చివర పేరు రెండు ముక్కలై తర్వాతి లైన్‌లోకి జారితే ఓసీఆర్ (స్కాన్‌లోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) దాన్ని రెండు వేరే మాటలుగా చదివేస్తుంది. దాని బదులు అంజర్ అనే రేవు పట్నం పేరు, సుండా జలసంధి పేరు కొట్టి, తేదీల్ని ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబర్ దాకా బిగించి వెతికితే ఎన్నో కొత్త వార్తలు బయటపడ్డాయి. తొలి టెలిగ్రాముల్లో అందరి ధ్యాసా దెబ్బతిన్న ఊళ్ల మీదే ఉంది, అంజర్ అయితే పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, పర్వతం పేరు వెనకపడిపోయింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పేపర్ స్కాన్ అంటే ఒట్టి బొమ్మ కాదు. దాని వెనకాల ఇంకో ఫైల్ ఉంటుంది, చాలాచోట్ల ఆల్టో అనే ఫార్మాట్‌లో, అందులో ప్రతి మాటా పేజీలో ఎక్కడుందో కొలతలతో సహా రాసి ఉంటుంది, మనం వెతికిన మాట మీద పసుపు రంగు పడేది దీనివల్లే. ట్రోవ్‌లో అయితే ఎవరైనా కూర్చుని ఓసీఆర్ తప్పుల్ని లైన్ లైన్‌గా సరిచేయొచ్చు, అలా సరిచేసిన వార్తలు నాకు చాలా తగిలాయి. పేరూ ఊరూ తెలియని వాళ్లెవరో ఓపిగ్గా దిద్దిన అక్షరాల పుణ్యమాని నా సెర్చ్ పనిచేసింది, వాళ్లకి మనస్ఫూర్తిగా దండం.

ఆ ఫేమస్ బొమ్మ సంగతి

క్రకటోవా అని ఏ సెర్చ్ ఇంజిన్‌లో కొట్టినా ఒక బొమ్మ వస్తుంది, సముద్రం మధ్యలో ద్వీపం, దాని మీంచి పక్కకి వంగిన పెద్ద పొగ స్తంభం. సోషల్ మీడియాలో దీన్ని ఆగస్టు మహావిస్ఫోటనం అని తెగ తిప్పుతుంటారు.

దీని మూలం వెతుక్కుంటూ వెళ్తే అది 1888లో శాస్త్రవేత్తల సంస్థ అయిన లండన్ రాయల్ సొసైటీ వేసిన క్రకటోవా రిపోర్టులో ఉన్న లిథోగ్రాఫ్, అంటే రాతి మీద గీసి అచ్చేసిన బొమ్మ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకం మొత్తం స్కాన్ ఉంది. ప్లేట్ (బొమ్మ అచ్చేసిన పేజీ) కింద చిన్న అక్షరాలతో స్పష్టంగా అచ్చేశారు, ఇది పేలుడు తొలి దశ అని, 1883 మే 27 ఆదివారం తీసిన ఫోటోని చూసి వేసిందని. అంటే ఊళ్లకి ఊళ్లని మింగేసిన ఆగస్టు పేలుడుకి సరిగ్గా మూడు నెలల ముందటి దృశ్యం. మే 20న పర్వతం మేలుకున్నాక, చూసొద్దామని స్టీమర్‌లో ద్వీపం దగ్గరికి వెళ్లిన వాళ్ల ట్రిప్‌లో తీసిన ఫోటో అది.

ఎవరో ఎప్పుడో బొమ్మ వరకే కత్తిరించి, కింది లైన్ వదిలేసి ఉంటారు, అంతే, సాక్ష్యం కాస్తా అలంకారం అయిపోయింది. ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా చెప్పాలనుకునేది కూడా ఇదే, ఆర్కైవ్ దాస్తున్నది బొమ్మని మాత్రమే కాదు, ఆ బొమ్మకీ ఆ కింది లైనుకీ ఉన్న ముడిని. ముడి ఊడిపోతే ఫైల్ ఎంత హై రిజల్యూషన్‌లో ఉన్నా లాభం లేదు.

అందుకే నా క్యాటలాగ్‌లో ప్రతి బొమ్మకీ మూడు తేదీల గడులు పెట్టా. అందులో కనిపిస్తున్నది ఎప్పటిది, ఆ వస్తువు తయారైంది ఎప్పుడు, స్కాన్ చేసింది ఎప్పుడు. ఈ లిథోగ్రాఫ్‌కి మొదటిది 1883 మే, రెండోది 1888. డబ్లిన్ కోర్ అని ఆర్కైవ్‌ల వాళ్లు వాడే 15 గడుల మెటాడేటా (వస్తువు గురించిన వివరాలు) పద్ధతి ఉంది, అందులో తేదీకి ఉన్నది ఒకే గడి, ఎన్నిసార్లైనా నింపుకోవచ్చుగానీ ఏది దేని తేదీయో అక్కడ తెలియదు, ఇలాంటి వాటికి అది సరిపోదని నా అభిప్రాయం.

రిపోర్టే ఒక ఆర్కైవ్

ఆ రాయల్ సొసైటీ రిపోర్ట్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంటర్నెట్‌కి వందేళ్ల ముందు జరిగిన క్రౌడ్‌సోర్సింగ్. 1884లో కమిటీ వేశారు, ఎడిటర్ సైమన్స్ అనే వాతావరణ శాస్త్రవేత్త, ఏదైనా చూసినవాళ్లు, విన్నవాళ్లు, కొలిచినవాళ్లు రాసి పంపండని పత్రికల ద్వారా అడిగారు. ఓడల లాగ్‌బుక్కులు, బారోమీటర్ (గాలి పీడనం కొలిచే పరికరం) గీతలు, అలల కొలతలు, ఆకాశం రంగుల వర్ణనలు, సముద్రంలో తేలుతున్న ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వతపు రాయి ఎక్కడెక్కడ కనబడిందో ఆ వివరాలు, అన్నీ వచ్చిపడ్డాయి. పేలుడు శబ్దం ఎక్కడెక్కడ వినబడిందో ఒక పెద్ద పట్టిక ఉంది, అందులో అన్నిటికంటే దూరం హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ ద్వీపం, దాదాపు 4,800 కిలోమీటర్లు. అక్కడి పోలీసు అధికారి దూరంగా ఫిరంగులు పేలుతున్నట్టు వినిపించిందని నమోదు చేశాడు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుందనుకుంటే ఆ దూరానికి నాలుగు గంటలు పడుతుంది, అంటే వాళ్లు విన్నది నాలుగు గంటల కిందట జరిగిపోయినదాన్ని.

నెదర్లాండ్స్ ప్రభుత్వం తరఫున మైనింగ్ ఇంజనీర్ ఫెర్బేక్ రాసిన రిపోర్ట్ వేరే ఉంది, అదీ 1880లలోనే వచ్చింది, మ్యాపులతో, రంగుల ప్లేట్లతో. ఆయన తిరిగింది ఆ నేల మీదే కాబట్టి రాళ్లు, బూడిద మందం, కొట్టుకుపోయిన ఊళ్ల విషయంలో ఇదే గట్టి ఆధారం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకటి ప్రపంచం వైపు నుంచి, ఇంకొకటి ఘటన జరిగిన చోటి నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

టైమ్ లెక్కలు

క్యాటలాగ్‌ని టైమ్ ప్రకారం సార్ట్ చేద్దామంటే అసలు తంటా ఇక్కడొచ్చింది. 1883 ఆగస్టుకి ప్రపంచానికి ఉమ్మడి టైమ్ జోన్లు లేవు, లండన్‌లోని గ్రీన్‌విచ్‌ని మూలరేఖగా (సున్నా రేఖాంశంగా) ఒప్పుకున్న వాషింగ్టన్ సమావేశం 1884 అక్టోబర్‌లో జరిగింది. కాబట్టి చాలా ఊళ్ల కాగితాల్లో ఉన్న టైమ్ ఆ ఊరి సూర్యుడి టైమ్. లెక్క మాత్రం సులువే, ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాలు.

దీన్ని ఒక ఉదాహరణతో చూస్తే ఎంత అందంగా ఉంటుందో. అతి పెద్ద పేలుడు 27 ఉదయం 10:02కి అని అన్ని చోట్లా రాస్తారు కదా, ఆ నిమిషం ఎలా తెలిసింది? ద్వీపం మీద గడియారం చూస్తూ కూర్చున్నవాళ్లెవరూ లేరు. అది తెలిసింది బటావియా గ్యాస్ ఫ్యాక్టరీలో గ్యాస్ పీడనం చూసుకోడానికి పెట్టుకున్న మీటర్ వల్ల. దానికి వాతావరణంతో ఏ సంబంధమూ లేదు, తన మానాన కాగితం మీద గీత గీసుకుంటూ పోయే పరికరం, ఆ గీత ఒక్కసారిగా పాదరసం రెండున్నర అంగుళాలకి పైగా ఎగిరింది (పీడనాన్ని అప్పట్లో పాదరసం మట్టం ఎత్తుతో కొలిచేవాళ్లు). బటావియా టైమ్ ప్రకారం 10:15. ఆ ఊరు క్రకటోవాకి సుమారు 160 కిలోమీటర్లు, పీడన తరంగం అక్కడిదాకా రావడానికి ఎనిమిది నిమిషాలు వేసుకుంటే 10:07. బటావియా క్రకటోవాకి తూర్పున దాదాపు 1.4 డిగ్రీలు ఉంది, అంటే అక్కడి గడియారం ఐదారు నిమిషాలు ముందు, అది తీసేస్తే 10:02 దగ్గర తేలుతుంది. గ్రీన్‌విచ్ టైమ్‌లో ఉదయం మూడు.

ఒక గ్యాస్ కంపెనీ రోజువారీ చార్ట్ సైన్స్‌కి ఆధారమైందంటే, ఏది దాచాలో ఏది పారేయాలో ముందే తేల్చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే ఆఫీసు రిజిస్టర్లు, మెషీన్ చార్టులు, బిల్లు పుస్తకాల్లాంటివి కూడా స్కాన్ చేసి పెట్టే ఆర్కైవ్‌లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

నా క్యాటలాగ్‌లో రెండు టైమ్ గడులు పెట్టా, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఒకటి, గ్రీన్‌విచ్‌కి మార్చింది ఇంకొకటి. మొదటిదాన్ని ఎప్పటికీ ముట్టుకోను.

గీతల్ని అంకెలుగా మార్చడం

ఈ దశ మీదే ఎక్కువ రోజులు కూర్చున్నా, నాకు బాగా నచ్చిందీ ఇదే. రాయల్ సొసైటీ రిపోర్టులో చాలా ఊళ్ల బారోమీటర్ గీతలు ప్లేట్లుగా ఇచ్చారు, గాలి తరంగాల భాగం రాసింది రిచర్డ్ స్ట్రాచీ. క్రకటోవా పుట్టించిన పీడన తరంగం భూమి చుట్టూ చాలాసార్లు తిరిగింది, ఒక చుట్టుకి సుమారు 35 గంటలు, ఐదు రోజుల పాటు బారోమీటర్లు దాన్ని పట్టుకుంటూనే ఉన్నాయి.

స్కాన్‌ని ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించేటప్పుడు పీడీఎఫ్ తీసుకోకూడదు, పేజీ బొమ్మల ఒరిజినల్ జిప్ తీసుకోవాలి, ఎందుకంటే పీడీఎఫ్‌లో బాగా కుదించేస్తారు, సన్నటి గీతలు మసకబారిపోతాయి. తర్వాత ప్లేట్‌ని నిటారుగా తిప్పి, గ్రాఫ్ డిజిటైజర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అడ్డంగా రెండు టైమ్ గుర్తులు, నిలువుగా రెండు పీడనం గుర్తులు చూపించి, గీత వెంబడి పాయింట్లు పెట్టుకుంటూ పోవాలి. పీడనం అంగుళాల్లో ఉంటుంది, ఒక అంగుళం పాదరసం అంటే ఇప్పటి కొలతలో 33.86 హెక్టోపాస్కల్స్.

ఇక్కడ గీత మందం గురించి ఆలోచించాలి. 24 గంటల పొడవు స్కాన్‌లో 1,200 పిక్సెల్స్ వచ్చిందనుకోండి, ఒక పిక్సెల్ అంటే 1.2 నిమిషాలు, గీత ఐదు పిక్సెల్స్ మందం ఉంటే అదే ఆరు నిమిషాలు. అంటే మన అంకెల్లో సెకన్లు రాసుకోవడం అనవసరం, ఆ కాగితానికి అంత ఖచ్చితత్వం లేదు. పైగా ఇవి అసలు చార్టులు కాదు, వాటిని చూసి అచ్చు కోసం మళ్లీ గీసినవి, ఇంకో చెయ్యి మధ్యలో ఉంది. ఈ రెండు విషయాలూ డేటా ఫైల్ పక్కనే రీడ్‌మీ అనే వివరణ ఫైల్లో రాసి పెట్టా, లేకపోతే రేపు ఆ ఫైల్ చూసినవాళ్లు అంకెల్ని అంకెల్లాగే నమ్మేస్తారు.

లండన్ వైపు గీతలు చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. లండన్ క్రకటోవాకి దగ్గరి దారిన సుమారు 11,500 కిలోమీటర్లు. 27 మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో గీత మీద ఒక చిన్న కుదుపు, అంతే. మర్నాడు తెల్లవారుజామున ఇంకోటి, అది భూమికి అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చిన తరంగం. ఆ కుదుపులు గీసేటప్పటికి ఆ పరికరం చుట్టూ ఉన్నవాళ్లెవరికీ వాటి సంగతి తెలియదు, ఎన్నో వారాల తర్వాత పాత చార్టులు తిరగేసినప్పుడే బయటపడ్డాయి.

పోల్చి చూడ్డానికి 2022 జనవరి 15 టోంగా అగ్నిపర్వతం డేటా పక్కన పెట్టా, అప్పుడూ ఇలాంటి తరంగమే భూమిని చుట్టింది, కాకపోతే ఈసారి అది పుట్టుకతోనే అంకెల రూపంలో ఉంది. రిసెర్చర్లు ఇలాంటి డేటాని జెనోడో లాంటి చోట్ల పెడతారు. అది 2013లో సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో మొదలైంది, జెనోడోలో పెట్టిన ప్రతి దానికీ డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబర్ ఇస్తారు కాబట్టి రేపు లింక్ మారినా నంబర్‌తో దొరుకుతుంది.

ఆకాశం రంగులు

పేలుడు తర్వాత నెలల తరబడి ప్రపంచమంతా సూర్యాస్తమయాలు రక్తం రంగులో కనిపించాయి. 1883 నవంబర్ చివర్లో అమెరికాలోని పొకీప్సీ, న్యూ హేవెన్ ఊళ్లలో ఎక్కడో తగలబడిపోతోందని ఫైరింజన్లు కూడా పరిగెత్తాయి.

లండన్‌లో విలియమ్ ఆస్క్రాఫ్ట్ అనే చిత్రకారుడు థేమ్స్ ఒడ్డున చెల్సీలో కూర్చుని ఆ ఆకాశాల్ని పాస్టెల్స్‌తో ఐదు వందలకు పైగా స్కెచ్‌లు వేశాడు. ఒకే సాయంత్రం కొద్ది కొద్ది నిమిషాల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి. నవంబర్ 26 నాటివి కొన్ని రాయల్ సొసైటీ రిపోర్ట్ ముందు పేజీలో రంగుల్లో అచ్చయ్యాయి, ఒరిజినల్స్ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నాయి.

వీటిలో నా ప్రాణం ఎక్కడ ఉందంటే ఆయన రాసుకున్న టైముల్లో. నవంబర్ చివర్లో లండన్‌లో నాలుగు గంటలకే పొద్దు గూకుతుంది. గూకిన ఎంతసేపటికి ఇంకా ఎరుపు ఉందో తెలిస్తే, అప్పటికి సూర్యుడు క్షితిజం కింద ఎన్ని డిగ్రీలు దిగాడో లెక్క కట్టొచ్చు, దాన్నిబట్టి ఆ వెలుగుని పట్టుకున్న ధూళి పొర ఎంత ఎత్తులో ఉందో అంచనా వేయొచ్చు. అంటే టైమ్ ఉన్న స్కెచ్ ఒక కొలత, టైమ్ లేనిది బొమ్మ మాత్రమే. క్యాటలాగ్‌లో వీటిని చిత్రాల కింద వేయాలా పరిశీలనల కింద వేయాలా అని కాసేపు ఆలోచించి రెండిట్లోనూ వేశా, అదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నా.

ఫోటోలు, మ్యాపులు

వీటి గురించి క్లుప్తంగా చెప్తా. జావా తీరంలో సునామీ విసిరేసిన పెద్ద పగడపు దిమ్మ ఫోటో వికీమీడియా కామన్స్‌లో ఉంది, తేదీ దగ్గర సుమారు 1885 అని ఉంది. ఇలాంటి తేదీల్ని 1885 అని కొట్టేస్తే తప్పు సమాచారం అవుతుంది, ఆర్కైవ్‌ల వాళ్లు దీనికి ఒక గుర్తు పెట్టుకున్నారు, 1885~ అని రాస్తే సుమారుగా అని, 1885? అని రాస్తే అనుమానం ఉందని. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) తేదీల స్టాండర్డ్‌లో 2019లో ఇది కూడా చేరింది.

మ్యాపులకి లైడెన్ యూనివర్సిటీ లైబ్రరీ డిజిటల్ కలెక్షన్లు బ్రహ్మాండం. పేలుడికి ముందూ తర్వాతా వేసిన మ్యాపుల్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే ద్వీపంలో మూడింట రెండు వంతులు మాయమవడం కళ్లకి కడుతుంది. పాత మ్యాపుల్లో రేఖాంశం గ్రీన్‌విచ్ నుంచి కాకుండా బటావియా నుంచి లెక్కపెట్టి ఉండొచ్చు, జియోరిఫరెన్స్ (మ్యాప్‌ని అసలు అక్షాంశ రేఖాంశాలతో జోడించడం) చేసేముందు అంచులో చిన్న అక్షరాలు చదవండి.

మంచు, శాటిలైట్

గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచులో లోతుగా తవ్వి తీసిన స్తంభాల్లో క్రకటోవా గంధకం సల్ఫేట్ పొరగా దొరుకుతుంది, ఆ పట్టికలు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వాళ్ల పాలియోక్లైమేట్ (ప్రాచీన వాతావరణం) ఆర్కైవ్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉన్నాయి. పైన ఇరవై ముప్పై లైన్లు ఎవరు తవ్వారు, ఎక్కడ, ఏ యూనిట్లు అన్న వివరాలు, కింద అంకెలు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఫార్మాట్, వివరాలు డేటాతో పాటే ఒకే ఫైల్లో, ఇంతకంటే మంచి పద్ధతి నాకైతే కనబడలేదు.

క్రకటోవా ఉన్న చోటే 1927లో సముద్రంలోంచి పైకొచ్చిన కొత్త అగ్నిపర్వతం అనాక్ క్రకటోవా 2018 డిసెంబర్ 22న సగం కూలి మళ్లీ సునామీ తెచ్చింది, 338 మీటర్ల ఎత్తు 110కి పడిపోయింది. కూలకముందు, కూలాక సెంటినెల్-1 అనే యూరప్ శాటిలైట్ తీసిన రాడార్ చిత్రాలు ఫ్రీగానే దొరుకుతాయి, రాడార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది కాబట్టి కూలిన రూపం అందులోనే తెలుస్తుంది. అమెరికా శాటిలైట్ల వరస లాండ్‌శాట్ 1972 నుంచి ఉంది, 2008లో ఆ ఆర్కైవ్ మొత్తం ఉచితం చేశారు.

కట్ట కట్టడం

ఇప్పుడు ఫోల్డర్‌లో టిఫ్ (పెద్ద సైజు బొమ్మలు), ఆల్టో, సీఎస్‌వీ (పట్టికలు), జియోటిఫ్ (స్థానం వివరాలున్న మ్యాపులు), టెక్స్ట్, అన్నీ ఉన్నాయి. పది అంగుళాలు బై ఎనిమిది అంగుళాల ప్లేట్‌ని 600 పీపీఐలో (అంగుళానికి 600 పిక్సెల్స్) కలర్ టిఫ్‌గా పెట్టుకుంటే ఒక్కటే 86 ఎంబీ, కాబట్టి టిఫ్‌లు బారోమీటర్ గీతలకి మాత్రమే ఉంచుకున్నా.

మొత్తాన్ని బ్యాగిట్ పద్ధతిలో సర్దా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ వాళ్లు తయారుచేసింది, చాలా సింపుల్. డేటా అని ఒక ఫోల్డర్, దాని పక్కన ఒక టెక్స్ట్ ఫైల్లో ప్రతి ఫైల్ పేరూ, దాని షా-256 చెక్‌సమ్, అంటే ఫైల్‌లో ఉన్నదాన్నిబట్టి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య. రేపు హార్డ్ డిస్క్‌లో ఒక్క బిట్ మారినా చెక్‌సమ్ కలవదు, వెంటనే తెలిసిపోతుంది. చెక్‌సమ్ ఫైల్ పాడవలేదని మాత్రమే చెప్తుంది, అందులో ఉన్నది మే నెల బొమ్మా ఆగస్టు బొమ్మా అన్నది దానికి తెలియదు, అది నేను రాసిన గడుల్లోనే ఉంది. అందుకని క్యాటలాగ్ సీఎస్‌వీని కూడా బ్యాగ్ లోపలే పెట్టా, బయట వదిలేయలేదు.

హక్కుల గడి ఒక్కోదానికి విడిగా నింపుతున్నా. 1883 నాటి వస్తువుకి కాపీరైట్ తీరిపోయి ఉంటుంది, అయినా స్కాన్ పెట్టిన సంస్థ షరతులు వేరేగా ఉండొచ్చు, ఆ పేజీలో వాళ్లు రాసిన వాక్యాన్ని యథాతథంగా కాపీ చేసి, చూసిన తేదీ వేస్తున్నా. ఆ వెబ్ పేజీల్ని కూడా వేబ్యాక్ మెషీన్ (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైట్)‌లో సేవ్ చేసి, ఆ 14 అంకెల టైమ్‌స్టాంప్ ఉన్న లింక్ పక్కన పెడుతున్నా.

ఇంకా మిగిలింది బటావియా రేవులో అలల మట్టం కొలిచిన టైడ్ గేజ్ గీత. పీడనం గీతల మీద వాడిన పద్ధతే దానికీ, కాకపోతే అల ఎత్తు ఎక్కువ కాబట్టి నిలువు స్కేల్ వేరేగా పట్టాలి. అదయ్యాక గ్యాస్ మీటర్, టైడ్ గేజ్, రోడ్రిగ్స్ శబ్దం, లండన్ బారోమీటర్, ఈ నాలుగిటినీ గ్రీన్‌విచ్ టైమ్ మీద ఒకే గ్రాఫ్‌లో వేస్తా, ఆ సీఎస్‌వీ ఫైళ్లు కూడా బ్యాగ్‌లోకే వెళ్తాయి.